తిరిగిరాని నీళ్లు: లాస్ వేగాస్ ఈతకొలనుల నిబంధన వెనుక వందేళ్ల చరిత్ర

2022 జులైలో అమెరికాలోని నెవాడా రాష్ట్రం, క్లార్క్ కౌంటీ పాలకమండలి ఒక చిన్న నిబంధనను ఆమోదించింది. లాస్ వేగాస్, దాని చుట్టూ విస్తరించిన కాలనీలు ఈ కౌంటీలోవే. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఇళ్లలో కొత్తగా కట్టుకునే స్విమ్మింగ్ పూల్ పైతలం 600 చదరపు అడుగులు దాటకూడదన్నది ఆ నిబంధన. అంటే 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. లోతు ఎంతుండాలో, ఎన్ని లీటర్లు పట్టాలో చెప్పలేదు. పైతలం ఒక్కటే చూశారు. సరిగ్గా ఆ జులైలోనే, నగరానికి నీళ్లిచ్చే మీడ్ సరస్సు మట్టం 1,040 అడుగులకు పడిపోయింది. 1937లో, హూవర్ డ్యామ్ కట్టాక సరస్సు తొలిసారి నిండుతున్న రోజుల తర్వాత అంత కిందికి దిగడం అదే మొదలు. దాంతో చాలామంది ఈ నిబంధనను కరువుకు భయపడి చేసిన పనిగానే చూశారు. నా ఉద్దేశంలో దీని మూలాలు ఒక కరువు సంవత్సరంలో లేవు. వందేళ్లుగా ఆ ఊరు తన నీటికి రాసుకుంటూ వచ్చిన లెక్కల్లో ఉన్నాయి. ఈతకొలనును ఏ కొలతతో కొలవాలో ఆ లెక్కలే నేర్పాయి. ఆ కొలత సరైనది. దాన్ని ఎవరి మీద ప్రయోగించారన్న దగ్గరే నిబంధన వెనకడుగు వేసింది.

ఎడారి మధ్యలో లాస్ వేగాస్ పుట్టడానికి కారణమే నీళ్లు. నేలలోంచి వాటంతటవే ఉబికి వచ్చే ఊటలు, వాటి చుట్టూ పచ్చిక ఉండబట్టి బాటసారులు అక్కడ ఆగేవారు. 1855లో మోర్మన్ మతప్రచారకులు అక్కడొక చిన్న కోట కట్టుకున్నారు. ఆవిరి ఇంజన్లకు నీళ్లు కావాలి కాబట్టి రైలు కంపెనీ కూడా ఆ ఊటలనే వెతుక్కుంటూ వచ్చింది. 1905 మే నెలలో స్థలాలు వేలం వేసి ఊరు వెలయించింది. నీటి సరఫరా కూడా ఆ కంపెనీ చేతిలోనే ఉండేది. రెండేళ్లకు బోర్లు మొదలయ్యాయి. నీళ్లు వాటంతటవే పైకి తన్నుకొచ్చే బోర్లు కావడంతో చాలా వాటికి మూతలు కూడా పెట్టలేదు. పగలూ రాత్రీ పారుతూ ఉండేవి. ఉచితంగా, మోటారు లేకుండా వచ్చే నీటికి లెక్క రాయాలన్న ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు. ఫలితం నెమ్మదిగా కనబడింది. 1962 నాటికి ఊరికి ప్రాణం పోసిన ఊటలు పూర్తిగా ఎండిపోయాయి. భూగర్భ జలం తోడేసిన కొద్దీ లోయలో నేల కుంగింది. కొన్నిచోట్ల ఐదడుగులకు పైగా దిగబడింది. అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో బోరు మీద బోరు వేసి చూసిన రైతుకు ఈ కథలో కొత్తేమీ ఉండదు.

ఊటలు ఎండిపోకముందే ఊరి భవితవ్యం మరోచోట, కాగితం మీద తేలిపోయింది. 1922 నవంబరులో న్యూ మెక్సికోలోని శాంటా ఫే దగ్గర, తర్వాత మీడ్ సరస్సును నింపిన కొలరాడో నది రాష్ట్రాల ప్రతినిధులు కూర్చుని నదిని పైభాగం, కిందిభాగం అని రెండుగా పంచుకున్నారు. ఒక్కో భాగానికి 75 లక్షల ఎకరపు అడుగులు. మన లెక్కలో చెప్పుకుంటే దాదాపు 327 టీఎంసీలు. 1928లో హూవర్ డ్యామ్‌కు అనుమతిచ్చిన చట్టం కిందిభాగపు వాటాను మళ్లీ మూడుగా విడదీసింది. కాలిఫోర్నియాకు 44 లక్షలు, అరిజోనాకు 28 లక్షలు, నెవాడాకు 3 లక్షల ఎకరపు అడుగులు. నెవాడా వాటా అంటే పదమూడు టీఎంసీలు. కాలిఫోర్నియా వాటాలో దాదాపు పదిహేనో వంతు. అప్పట్లో నెవాడా వాటా మీద పెద్దగా పేచీ రాలేదు. 1930 జనగణనలో లాస్ వేగాస్ జనాభా 5,165. ఆ ఎడారిలో సాగుకు పెద్దగా భూమి లేదు. నదీజలాలంటే సేద్యానికే అనుకునే రోజులవి. ఇరవై లక్షల పైచిలుకు జనం, ఏటా కోట్ల మంది పర్యాటకులు ఆ పదమూడు టీఎంసీల మీదే బతకాల్సి వస్తుందని ఊహించినవాళ్లు లేరు. పంపకాలు వేసినవాళ్లు నదిలో ఉన్నదానికన్నా ఎక్కువ నీళ్లున్నాయని నమ్మడం మరో పొరపాటు. వాళ్లు ఆధారం చేసుకున్న ప్రవాహాలు తడి సంవత్సరాలవి.

ఈ వాటాల కథలో ఈతకొలనుకు పనికొచ్చే అసలు ముక్క 1964లో వచ్చింది. అరిజోనా, కాలిఫోర్నియాల మధ్య నడిచిన వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు 1963లో తీర్పు చెప్పి, మరుసటి ఏడాది డిక్రీ ఇచ్చింది. ఒక రాష్ట్రం ఎంత నీరు వాడుకుందో ఎలా లెక్కగట్టాలో అందులో నిర్వచించింది. నది నుంచి తీసుకున్నదాంట్లోంచి తిరిగి నదికి చేరినదాన్ని తీసేయగా మిగిలినదే వినియోగం. బ్యాంకు ఖాతాలో తీసిన సొమ్ము, తిరిగి కట్టిన సొమ్ము రెండూ పాస్‌బుక్కులో పడ్డట్టే. ఈ నిర్వచనం లాస్ వేగాస్‌కు భౌగోళికంగా కలిసొచ్చింది. ఊరు లోయలో ఎత్తున ఉంది, మీడ్ సరస్సు పల్లంలో ఉంది. మురుగునీటిని శుద్ధి చేసి వదిలితే లాస్ వేగాస్ వాష్ అనే వాగు గుండా దాదాపు పన్నెండు మైళ్లు పారి మళ్లీ అదే సరస్సులో కలుస్తుంది. 1971లో నది నీటిని పెద్ద ఎత్తున ఊళ్లోకి తెచ్చే వ్యవస్థ మొదలయ్యాక ఈ సంగతికి విలువ పెరిగింది. స్నానానికి, గిన్నెలకు, బట్టలకు, మరుగుదొడ్డికి వాడిన నీళ్లు కాలువలో పడ్డాయంటే దాదాపు మొత్తం సరస్సుకు చేరుతాయి. చేరిన ప్రతి లీటరుకు బదులు మరో లీటరు తీసుకోవచ్చు. ఆ వాటాలో కోత పడేది ఆరుబయట వాడిన నీటివల్ల. అది గడ్డి పీల్చుకుని గాలిలోకి వదులుతుంది, లేదా ఎండకు ఆవిరై పోతుంది. దానికి తిరిగొచ్చే దారి లేదు. సంపన్నమైన ఆ నగరంలో నీటి పొదుపు మాటలు షవర్ల చుట్టూ కాకుండా పెరళ్ల చుట్టూ తిరగడానికి కారణం ఇదే.

మరి ఆ పెరళ్లలోకి ఈతకొలను ఎప్పుడొచ్చింది? ఊరికి దాన్ని పరిచయం చేసినవి హోటళ్లు. 1941 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ వెళ్లే రహదారి పక్కన ఎల్ రాంచో వేగాస్ అనే హోటల్ తెరిచారు. తర్వాత స్ట్రిప్ అని లోకమంతా పిలిచిన వీధిలో మొదటి హోటల్ అదే. దాని యజమాని థామస్ హల్ స్విమ్మింగ్ పూల్‌ను వెనకవైపు కాకుండా రోడ్డుకు ఎదురుగా కట్టించాడు. అప్పట్లో కార్లలో ఏసీలు అరుదు. గంటల తరబడి ఎడారి ఎండలో కారు నడుపుతూ వచ్చినవాడికి నీలంగా మెరిసే నీళ్లు కనబడితే చాలు, మరో బోర్డు అక్కర్లేదు. తర్వాత వచ్చిన హోటళ్లు పోటీపడి ఇదే దారి పట్టాయి. 1950ల్లో శాండ్స్ హోటల్ నీళ్లలో తేలే జూదపు బల్ల వేసి, స్నానపు దుస్తుల్లో జనం ఆడుతున్న ఫొటోలు దేశమంతా పంచింది. ఎడారిలో నీటికి కొదవ లేదన్న నమ్మకాన్ని ఆ ఊరు సరుకుగా అమ్మింది. పర్యాటకుడికి అమ్మిన ఆ బొమ్మనే తర్వాత ఇల్లు కొనేవాడికీ అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇనుప చువ్వల అల్లిక మీద కాంక్రీటును గొట్టంతో చిమ్మే పద్ధతి దక్షిణ కాలిఫోర్నియాలో బాగా ప్రబలింది. చెక్క అచ్చుల ఖర్చు తగ్గి, పూల్ కోరిన ఆకారంలో, తక్కువ రోజుల్లో తయారవడం మొదలైంది. సినిమా తారల భోగంగా ఉన్నది మధ్యతరగతి వాయిదాల కొనుగోలుగా మారింది. ఇళ్లకు ఏసీలొచ్చి ఎడారిలో కాపురం సాధ్యమయ్యాక, 45 డిగ్రీల వేసవి సాయంత్రాల్లో పిల్లలకు పూల్ తప్ప ఆరుబయట మరో ఆటస్థలం లేకపోయింది. ఈ సంగతిని తేలిగ్గా తీసేయకూడదు. ఆ ఎండలో ఈతకొలను ఉత్త ఆడంబరం కాదు. 2022 నాటికి ఆ ప్రాంతపు ఇళ్లలో దాదాపు రెండు లక్షల పూల్స్ ఉన్నాయి. ఏటా మరో 1,300 దాకా చేరుతున్నాయి.

లెక్క తప్పుతోందని బుర్రకెక్కింది 2002లో. ఆ ఏడాది కొలరాడోలోకి వచ్చిన ప్రవాహం మామూలులో నాలుగో వంతు. నెవాడా నికర వినియోగం 3.25 లక్షల ఎకరపు అడుగులకు చేరి తన వాటానే దాటిపోయింది. అంతకు ముందు 1991లో, ఎవరికి వారు నీటి కోసం పోట్లాడుకుంటున్న స్థానిక సంస్థలు ఒక్కటై దక్షిణ నెవాడా జల ప్రాధికార సంస్థగా ఏర్పడ్డాయి. దాన్ని నడిపిన ప్యాట్రీషియా మల్‌రాయ్ దృష్టి పచ్చిక మీద పడింది. అక్కడ చదరపు అడుగు పచ్చిక ఏడాదికి 73 గ్యాలన్లు, అంటే దాదాపు 276 లీటర్లు తాగుతుందనీ, రాళ్లు పరిచి ఎడారి మొక్కలు పెడితే 17 గ్యాలన్లు చాలనీ కొలిచి తేల్చారు. పచ్చిక పీకేసినవారికి చదరపు అడుగుకు ఇంత అని డబ్బిచ్చారు. 2003 నుంచి కొత్త ఇళ్ల ముందు పచ్చిక నిషేధించారు. ఇప్పటిదాకా తీసేయించిన పచ్చిక ఇరవై కోట్ల చదరపు అడుగులకు పైమాటే. చదరపు అడుగుకు 210 లీటర్ల చొప్పున వేసుకుంటే ఏటా సుమారు ఒకటిన్నర టీఎంసీ మిగిలినట్టు. 2021లో రాష్ట్ర శాసనసభ మరో అడుగు వేసి, ఎవరూ ఆడని, నడవని అలంకారపు పచ్చికకు 2027 నుంచి నది నీళ్లు పెట్టరాదని చట్టం చేసింది. ఏడు లక్షలకు పైగా జనం పెరిగినా, 2023లో నెవాడా నికర వినియోగం రెండు లక్షల ఎకరపు అడుగులకన్నా తక్కువ. ఏదో నినాదంతో సాధ్యమైన ఫలితం కాదిది. ఏ నీళ్లు తిరిగొస్తాయి, ఏవి రావు అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని ఇరవై ఏళ్లు వదలకపోవడం వల్ల వచ్చింది.

పచ్చిక సంగతి తేలాక అదే ప్రశ్న స్విమ్మింగ్ పూల్ దగ్గరికి వచ్చింది. ఇక్కడ సామాన్యంగా అందరూ చూసేది పూల్ నింపడాన్ని. ట్యాంకర్ల కొద్దీ నీళ్లు ఒక్క రోజులో పోయడం కంటికి కనబడుతుంది, మనసుకు గుచ్చుకుంటుంది. ఆవిరి కనబడదు. 600 చదరపు అడుగుల పూల్ సగటు లోతు ఐదడుగులనుకుంటే పట్టే నీరు దాదాపు 85,000 లీటర్లు. అది చాలా ఏళ్లకొకసారి నింపేది. మీడ్ సరస్సు పైనుంచి ఏడాదికి ఆరడుగుల పైచిలుకు నీరు ఆవిరవుతుంది. పెరటి పూల్‌కూ సుమారుగా అదే లెక్క వేస్తే ఏటా లక్ష లీటర్లు గాలిలో కలుస్తాయి. అంటే పూల్ ప్రతి సంవత్సరం తనలో ఉన్నదానికన్నా ఎక్కువ నీటిని ఆకాశానికి వదిలి, ఆ మేరకు కుళాయి నుంచి మళ్లీ నింపుకుంటోంది. లోతు రెట్టింపైనా ఈ నష్టం మారదు. వెడల్పు రెట్టింపైతే నష్టం రెట్టింపవుతుంది. పైతలాన్ని కొలతగా పెట్టుకోవడం ఎందుకు సరైనదో ఇంతకన్నా వివరించక్కర్లేదు.

ఖాళీ చేసే నీటి సంగతి చూస్తే ఆ లెక్క ఎంత లోపలికి పాకిందో తెలుస్తుంది. కొలరాడో నీళ్లలో సున్నం పాలెక్కువ. ఆవిరయ్యేది నీరే, సున్నం పూల్‌లోనే ఉండిపోతుంది. కొన్నేళ్లకు అంచు పలకల మీద తెల్లటి చారలు కడతాయి, నీళ్లు ఎంత మందు వేసినా తేటపడవు. అప్పుడు పూల్ ఖాళీ చేయక తప్పదు. లాస్ వేగాస్ లోయలో ఆ నీటిని వీధిలోకి వదలడం నేరం. ఇంటి ముందు గోడ వారగా నేలలో డ్రైనేజీ గొట్టానికి ఒక మూత ఉంటుంది. ఆ మూత మర విప్పి, పూల్‌లో చిన్న మోటారు దించి, దాని పైపును ఆ గొట్టంలోకి పెట్టాలి. అలా పెడితే నీళ్లు శుద్ధి కేంద్రం మీదుగా సరస్సుకు చేరి ఖాతాలో జమ పడతాయి. వీధిలోకి వదిలితే ఆ జమ దక్కదు. అవే నీళ్లు, అదే మోటారు. పైపు కొన ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి ఒకటి అప్పు తీర్చడం, మరొకటి పారబోయడం. ఇటువంటి నిబంధనను ఎక్కడో రాజధానిలో కూర్చుని రాయలేరు. తన మురుగు ఎటు పారుతుందో తెలిసిన ఊరే రాయగలదు.

నిబంధన మీద వచ్చిన అభ్యంతరాల్లో పూల్ కట్టేవాళ్లది మొదటిది. అంతే విస్తీర్ణంలో ఉన్న పచ్చికకన్నా పూల్ తక్కువ నీరు వాడుతుందన్నది వాళ్ల వాదం. కాలిఫోర్నియా కరువు రోజుల్లో అక్కడి పూల్ వ్యాపారుల సంఘం 2014లో ఇదే మాటతో ప్రచారం నడిపింది. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. 600 చదరపు అడుగుల పచ్చిక లాస్ వేగాస్‌లో ఏడాదికి 1,65,000 లీటర్లు తాగుతుంది, పూల్ లక్ష. పచ్చిక తీసి పూల్ కడితే ఖాతాకు లాభమే. కానీ ఈ వాదం నిలబడేది పక్కన పచ్చిక ఉన్నప్పుడు. కొత్త ఇంటి ముందు పచ్చికే వద్దన్న ఊళ్లో పూల్‌ను రాళ్ల తోటతో పోల్చాలి. అలా పోలిస్తే పూల్ రెండున్నర రెట్లకు పైగా నీళ్లు తీసుకుంటుంది.

రెండో అభ్యంతరం బలమైనది. కొలరాడో నీటిలో ముప్పాతిక వంతు దాకా సేద్యానికి, అందులోనూ పెద్ద భాగం పశువుల మేతకు పోతుంది. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ రైతుల హక్కు ఒక్కటే నెవాడా మొత్తం వాటాకు పది రెట్లు. అలాంటప్పుడు పిల్లలు ఈదుకునే నీళ్ల మీద పడటం అన్యాయం కాదా? నది మొత్తాన్ని ఒకే చేత్తో పాలించే పరిస్థితి ఉంటే ఈ ప్రశ్నకు జవాబు వేరేగా ఉండేది. క్లార్క్ కౌంటీకి ఇంపీరియల్ లోయ మీద అధికారం లేదు. దాని చేతిలో ఉన్నది పదమూడు టీఎంసీలు. అందులో కోతపెట్టడానికి పొలాలు లేవు. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం తొలిసారి నదికి కొరత ప్రకటించినప్పుడు మరుసటి ఏడాది వాటాలోంచి 21,000 ఎకరపు అడుగులు పోయాయి. వాడేవాళ్లలో ఎవరు పెద్దన్న తర్కం ఆ కోతను ఆపలేదు. పైగా నదిని ఎక్కువ వాడే వాళ్లతో రేపు బేరానికి కూర్చునే ఊరు, ముందు తన ఇల్లు చక్కబెట్టుకుని కూర్చుంటేనే మాటకు విలువ.

మూడోది సమానత్వం గురించిన ప్రశ్న. నాకు నిబంధన తడబడినట్టు కనిపించేది ఇక్కడే. 600 అడుగుల హద్దు కొత్త పూల్స్‌కే. ఉన్న రెండు లక్షలూ యథాతథంగా ఉంటాయి. ముందొచ్చినవాడిదే హక్కు అన్న పశ్చిమ అమెరికా పాత నీటి న్యాయం పెరట్లోకీ వచ్చేసింది. అంకెలతో చూద్దాం. రెండు లక్షల పూల్స్ సగటున 450 చదరపు అడుగులనుకుని, ఆరడుగుల ఆవిరితో గుణిస్తే ఏటా 54 కోట్ల ఘనపుటడుగులు, అంటే అర టీఎంసీకి పైమాట. నెవాడా వాటాలో నాలుగు శాతం. కొత్తవాటి సంగతి? కౌంటీలో కొత్తగా కడుతున్నవాటిలో ఎక్కువ భాగం అప్పటికే 600 లోపే ఉన్నాయి. ఏటా వచ్చే 1,300లో పావు వంతు పెద్దవనీ, హద్దు వల్ల ఒక్కొక్కటి 200 అడుగులు తగ్గిందనీ అనుకుంటే, ఏ ఏడాదికా ఏడాది మిగిలేది దాదాపు నాలుగు లక్షల ఘనపుటడుగులు. పదేళ్ల పూల్స్ కలిపినా ఏటా నలభై లక్షలు. అదే పాత పూల్స్ మీద మూతలు పరిచి సగం ఆవిరి ఆపినా 27 కోట్ల ఘనపుటడుగులు మిగులుతాయి. దాదాపు డెబ్బై రెట్లు తేడా. నీటికి అంటుకుని పరుచుకునే గట్టి మూత, వాడినంతసేపూ ఆవిరిని చాలా మటుకు ఆపేస్తుంది. జల ప్రాధికార సంస్థ మూతలకు రాయితీ కూడా ఇస్తోంది, కానీ కొనడం యజమాని ఇష్టం. మూత బరువైంది, రోజూ తీసి పరచడం విసుగు, ఎవరి పెరట్లోకి వెళ్లి ఎవరు చూస్తారు అని అడిగేవాళ్లున్నారు. పెరట్లోకి వెళ్లనక్కర్లేదు, నీటి మీటరు ఉంది. 2023 జనవరి నుంచి లాస్ వేగాస్ లోయ నీటి సంస్థ ఒక పరిమితి దాటి వాడే ఇళ్లకు అదనపు రుసుము వేస్తోంది. అదే ఏడాది శాసనసభ, తీవ్ర కొరత వేళ ఒక్కో ఇంటి వాడకాన్ని ఏడాదికి అర ఎకరపు అడుగుకు, అంటే ఆరు లక్షల లీటర్లకు పైచిలుకుకు, పరిమితం చేసే అధికారం జల ప్రాధికార సంస్థకు ఇచ్చింది. 600 అడుగుల హద్దు చేయలేని పని ఈ రెండూ చేయగలవు. పాతదైనా కొత్తదైనా, పెద్ద బంగళాదైనా చిన్న ఇంటిదైనా ఆవిరైన నీటికి బిల్లు కట్టిస్తాయి. కేప్‌టౌన్ నగర జనాభాలో పద్నాలుగు శాతం కూడా లేని సంపన్న కుటుంబాలు ఊరి నీటిలో సగానికి పైగా వాడుతున్నాయని 2023లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. నీటి వాడకం ఇంత ఎగుడుదిగుడుగా ఉన్నచోట కొత్తగా కట్టుకునేవాడికి మాత్రమే హద్దు గీయడం న్యాయంగా కనబడదు.

కేప్‌టౌన్ మాట ఎలాగూ వచ్చింది. 2018లో అక్కడ కుళాయిలు పూర్తిగా ఆగిపోయే రోజు దగ్గరపడుతోందన్న భయం నడుస్తున్నప్పుడు, నగరపాలిక మనిషికి రోజుకు 50 లీటర్లు అన్న హద్దు పెట్టింది. పంపు నీళ్లతో పూల్ నింపడమే కాదు, తగ్గిన మేరకు పోయడాన్ని కూడా నిషేధించింది. మూత ఉన్నా మినహాయింపు లేదు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి కూడా తాగునీటిని స్విమ్మింగ్ పూల్స్‌కు వాడితే ఐదు వేల రూపాయల జరిమానా అంది. ఆ రోజుల్లో ఆ ఊళ్లకు అవి తప్పనిసరి. కానీ వానలు పడగానే ఆదేశం అటకెక్కింది, పూల్ మాత్రం అంతే వైశాల్యంతో మిగిలింది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరిలో వాడిన నీళ్లలో ఎక్కువ భాగం ఎలాగూ ఉప్పు నీళ్లలో కలిసిపోతాయి కాబట్టి, అక్కడ నింపిన నీరూ పోయిన నీరే. లాస్ వేగాస్ నిబంధనను విశాఖపట్నానికి యథాతథంగా ఎత్తుకొస్తే తప్పవుతుంది. తెచ్చుకోవలసింది 600 అన్న అంకెను కాదు, దాని వెనకున్న లెక్కను.

ఆ లెక్క మనకు కొత్తది కాదన్న సంగతి చాలామందికి గుర్తులేదు. కృష్ణా జలాల మీద బచావత్ ట్రైబ్యునల్ 1973లో ఇచ్చిన అవార్డులో, నది నుంచి తాగునీటికి మళ్లించినదాంట్లో 20 శాతాన్ని మాత్రమే వినియోగంగా లెక్కించాలని ఉంది. మిగతా 80 శాతం ఏదో రూపంలో నదీ పరీవాహకంలోకే తిరిగి వస్తుందన్నది ఆ సూత్రం. హైదరాబాద్‌కు నాగార్జునసాగర్ నుంచి మూడు దశల్లో తెచ్చుకున్న కృష్ణా నీళ్లు 16.5 టీఎంసీలు. నెవాడా రాష్ట్రం మొత్తం వాటాకన్నా ఎక్కువ. 20 శాతం సూత్రం ప్రకారం ఖాతాలో పడేది 3.3 టీఎంసీలే. నగరపు మురుగు మూసీలో పడి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది కాబట్టి భౌగోళికంగా ఆ సూత్రానికి ఆధారం ఉంది. దారిలో ఆ నీళ్లతోనే వరి, పశుగ్రాసం పండించే రైతులున్నారు. కానీ లాస్ వేగాస్ ఖాతాలో జమ పడేది శుద్ధి చేసిన నీరు. మూసీ ఈనాటికీ చాలాచోట్ల ఆ మాటకు తగ్గట్టు లేదు. ఇక పూల్ నుంచి ఆవిరయ్యే నీరు ఆ 80 శాతం లెక్కలోకి అసలు రాదు. గచ్చిబౌలిలోనో కోకాపేటలోనో విల్లా వెనక, టవర్ పైకప్పు మీద పరిచిన నీటి నుంచి ఏటా ఒకటిన్నర మీటరుకు తక్కువ కాకుండా ఆవిరయ్యేది మూసీకీ పోదు, కృష్ణకూ పోదు. ఆ నీళ్లు బోరువో ట్యాంకరువో అయితే, పోయేది పక్క బస్తీ భూగర్భం నుంచి. 2002 నాటి వాల్టా చట్టం బోరు వేయడానికి అనుమతి కావాలంది. తోడిన నీరు ఎటు పోతుందన్నది కూడా అడగాల్సిన సమయం వచ్చింది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ నగరపాలికలు స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇంటికి గానీ అపార్టుమెంటుకు గానీ అనుమతి ఇచ్చేటప్పుడు లోతుతో పాటు నీటి పైతలం ఎన్ని చదరపు అడుగులో రాయించుకోవాలి. మూత ఉందో లేదో చూడాలి. ఖాళీ చేసే పైపు రోడ్డు మీదికా, డ్రైనేజీలోకా, ఆ డ్రైనేజీ ఏ శుద్ధి కేంద్రానికి వెళ్తుందో నమోదు చేయాలి. పూల్‌కు విడిగా ఒక మీటరు పెట్టించాలి. ఇవన్నీ కొత్తవాటికి ఎంత తప్పనిసరో, ఇప్పటికే కట్టేసిన వాటికీ అంతే తప్పనిసరి కావాలి. ఫీనిక్స్‌లో, డాలస్‌లో, లాస్ వేగాస్‌లో పెరట్లో పూల్ ఉన్న తెలుగు కుటుంబాలు మాత్రం ఏ నిబంధన కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. ఈ వేసవికి ముందే ఒక మూత కొని పరచండి.